మెడ పక్కన సూది

సాయిలక్ష్మికి భయపడటానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు. కొడుకు పనినుంచి రావడం పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, భన్‌పురి రోడ్డు మీద తిరిగే లారీలన్నీ వాడి మీదనుంచే పోయినట్టు ఆవిడ కళ్లకు కట్టేది. ఇంట్లో ఎవరైనా రెండుసార్లు తుమ్మితే మూడో తుమ్ముకు ఆస్పత్రి పేరెత్తేది. అందుకే ఆ రోజు మత్తు డాక్టరు గదిలో కూర్చుని ఆవిడ అడిగిన ప్రశ్నలకు పక్కనున్నవాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు.

"మత్తిచ్చినాక మళ్లీ లెగుస్తాడా? సెయ్యి అలగే పడిపోదు గదా? సూది లోపల ఇరిగిపోతే ఏటవుద్ది?"

"అరే అమ్మా, టెన్షన్ మత్ లే" అన్నాడు చిన్నారావు. "ఇప్పుడే నన్ను పాడె ఎక్కించేలా ఉన్నావు."

"నోర్ముయ్. అయేం మాటల్రా!"

వాడికి ఇరవైమూడేళ్లు. తండ్రి రామమూర్తి రైల్వే వ్యాగన్ వర్క్‌షాపులో పనిచేసి నాలుగేళ్ల కిందట గుండెపోటుతో పోయాడు. చిన్నారావు భన్‌పురిలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లోడింగు చూస్తాడు. లారీ మీద టార్పాలిన్ తాడు లాగుతుంటే ఒకసారి కుడి భుజం గూడు జారింది. అది మొదలు చొక్కా వేసుకుంటున్నా జారేది, నిద్రలో పక్కకు తిరిగినా జారేది. చిన్న చిన్న కన్నాలు వేసి లోపల కుట్టేస్తే సరిపోతుందని ఎముకల డాక్టరు చెప్పాడు. మర్నాడు ఉదయమే ఆపరేషన్.

ఇద్దరి మధ్యా దీనమ్మ కూర్చుంది. రైల్వే ఆస్పత్రిలో ముప్పయ్యేళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. కాలనీలో తెలుగువాళ్లు ఎవరు ఆస్పత్రి గడప తొక్కాలన్నా దీనమ్మ ముందు నడవాల్సిందే. అది ఎవరు పెట్టిన నియమమో ఎవరికీ తెలియదు. సాయిలక్ష్మి రాయ్‌పూర్ వచ్చి పాతికేళ్లు దాటినా ఆవిడ హిందీ కూరగాయల బండి దగ్గరకు వస్తుంది గాని డాక్టరు ముందుకు రాదు. హిందీ అర్థమైనా, దీనమ్మ మళ్లీ తెలుగులో చెప్తేనే ఆవిడకు నమ్మకం.

మత్తు డాక్టరు పేరు రాజశ్రీ. సన్నగా, ఓపిగ్గా ఉంది. ఒక కాగితం మీద మనిషి మెడా భుజమూ గీసింది.

"చూడండి మాతాజీ. భుజానికి వెళ్లే నరాల కట్ట మెడ పక్కనుంచి దిగుతుంది. అక్కడ ఒక్క సూది వేస్తే భుజమంతా మొద్దుబారిపోతుంది. పన్నెండు గంటల పాటు నొప్పి తెలియదు. కానీ ఒక చిక్కుంది. పొట్టకీ ఛాతీకీ మధ్య గొడుగులాంటి కండరం ఉంటుంది. అది కిందికి దిగితేనే మనకు ఊపిరి లోపలికి వస్తుంది. దాని నరం కూడా మెడలో ఆ పక్కనుంచే పోతుంది. మందు దానికీ తగులుతుంది. కుడి భుజానికి సూది వేస్తే, గొడుగులో కుడివైపు సగం ఆ పూటకు నిద్రపోతుంది."

దీనమ్మ తెలుగులో చెప్పింది. సాయిలక్ష్మి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ వింది.

"రెండో పద్ధతిలో మెడ జోలికి పోం. భుజం రెక్క వెనక ఒక సూది, చంక వెనక ఇంకో సూది. ఊపిరికి దాదాపు ఏమీ కాదు. అయితే నొప్పి పూర్తిగా పోదు. మొదటి కొన్ని గంటలు కాస్త ఓర్చుకోవాలి, నొప్పి మందులు ఎక్కువ ఇవ్వాల్సి వస్తుంది. మెడ దగ్గరే మందు తగ్గించి కూడా వెయ్యొచ్చు గాని, గొడుగు నిద్రపోదని అప్పుడు కూడా నేను పూచీ ఇవ్వలేను."

"నొప్పి లేనిదే వెయ్యండి మేడమ్" అన్నాడు చిన్నారావు వెంటనే. భుజం జారిన ప్రతిసారీ వాడు పెట్టిన కేకలు వీధంతా విన్నదే.

"వెయ్యొచ్చు. వయసులో ఉన్నవాడికి ఒకవైపు నిద్రపోయినా రెండోవైపు లాక్కొస్తుంది, మనిషికి తెలియను కూడా తెలియదు. అందుకే ముందు అడుగుతున్నాను. ఛాతీ జబ్బు ఎప్పుడైనా చేసిందా? ఆస్తమా, టీబీ, ఊపిరితిత్తుల దగ్గర నీరు చేరడం?"

"చిన్నప్పుడు జాండిస్ వచ్చింది, అంతే. అమ్మనడగండి."

డాక్టరు సాయిలక్ష్మి వైపు తిరిగింది. దీనమ్మ కూడా తిరిగింది. "విన్నావుగా? ఉబ్బసంగాని టీబీగాని ఎప్పుడైనా వచ్చిందా అంటున్నారు."

సాయిలక్ష్మికి గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే వినిపించింది.

వాడికి ఎనిమిదేళ్లప్పుడు టీబీ వచ్చింది. ఎడమ ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. ఆ రోజుల్లో ఆవిడ ఇంట్లో ఇడ్లీ పిండీ దోసె పిండీ రుబ్బి కాలనీలో తెలుగు ఇళ్లకు పోసేది. వాడి దగ్గు మొదట విన్నరోజే ఆవిడకు తట్టింది, ఈ సంగతి బయటపడితే తన చేతి పిండి ఒక్కరూ ముట్టరని. మొగుణ్ని బతిమాలి, పిల్లాడికి కామెర్లని కాలనీ అంతా చెప్పి, టెక్కలి దగ్గర పుట్టింటికి తీసుకుపోయింది. అక్కడి సర్కారు ఆస్పత్రిలో పక్కటెముకల మధ్య సూది గుచ్చి నీరు తీశారు, మాత్రలు మింగించారు. వాడికి కూడా కామెర్ల మందనే చెప్పింది. పిల్లాడు నమ్మాడు. రామమూర్తి పోయాక ఆ సంగతి తెలిసిన మనిషి రాయ్‌పూర్‌లో తనొక్కతే.

పిండి వ్యాపారం ఇప్పటికీ ఉంది. దీనమ్మ ఇంటికి శనివారం శనివారం వెళ్తుంది.

ఇప్పుడు చెప్తే టీబీ సంగతొక్కటే బయటపడదు. పదిహేనేళ్లు ఈవిడ ముఖం చూసి అబద్ధమాడానని కూడా తెలిసిపోతుంది.

"లేదక్కా" అంది సాయిలక్ష్మి. "కామెర్లే."

దీనమ్మ డాక్టరు వైపు తిరిగి, అడక్కపోయినా తనే హామీ ఇచ్చింది. "లేదు మేడమ్. ఈ పిల్లాణ్ని చిన్నప్పట్నుంచీ నేనెరుగుదును, మా వెనక లైనే. నేనూ నర్సునే. కామెర్లు తప్ప ఏమీ లేదు."

డాక్టరు చిన్నారావు ఛాతీమీద స్టెతస్కోపు ముందూ వెనకా నాలుగుచోట్ల పెట్టి వింది. ఎడమవైపు అడుగున గాలి కాస్త తక్కువగా వినిపిస్తోందని ఒక్క క్షణం ఆగి, మళ్లీ వినబోతుంటే, "మా వాడికి ఊపిరి గట్టిగా పీల్చడం రాదు మేడమ్, బద్ధకం" అని దీనమ్మ నవ్వింది. చిన్నారావూ నవ్వాడు. డాక్టరు కూడా నవ్వి, మెడకు కుడిపక్కన ఒక్క సూది అని కాగితం మీద రాసింది.

ఆటోలో ఇంటికి వస్తుంటే సాయిలక్ష్మి ఉండబట్టలేక మొదలుపెట్టింది.

"అక్కా, ఆ రెండు సూదులదే ఏయించమని సెప్పకూడదా?"

"ఎందుకే?"

"ఎందుకో... నా మనసెందుకో ఒప్పుకోట్లేదు. మెడ దగ్గర సూదంటే నాకు భయం."

"నీకు భయం లేనిదేది? పోయిన నెల ప్రెషర్ కుక్కరు కూత వెయ్యలేదని వీధిలోకి పరిగెత్తావు."

"పోనీ నువ్వే సెప్పరా, నాయినా. కాస్త నొప్పోర్చుకో."

"నువ్వు ఓర్చుకో నా నొప్పి" అన్నాడు చిన్నారావు. "డాక్టర్ మేడమ్ చదువుకుని చెప్పిందా, నువ్వు చదువుకుని చెప్తున్నావా?"

ఆవిడ ఏడో తరగతితో ఆపేసింది. ఆ మాట వాడు తిట్టినట్టు అనలేదు గాని ఆవిడ నోరు మూతపడింది. ఇన్నేళ్లూ ప్రతిదానికీ గుండెలు బాదుకుని, నిజంగా భయపడాల్సిన చోటుకు వచ్చేసరికి ఆవిడ మాటకు విలువ లేకుండా పోయింది. ఆ విలువ రావాలంటే చెప్పాల్సింది ఒక్కటే ఉంది. దాన్ని గొంతులోనే పెట్టుకుని ఇంటికొచ్చి, సాయంత్రం దాకా బియ్యంలో లేని రాళ్లు ఏరుతూ కూర్చుంది.

ఉదయం ఎనిమిదిన్నరకు చిన్నారావును పచ్చ గౌను వేసి స్ట్రెచర్ మీద తీసుకుపోయారు. తలుపు దాకా సాయిలక్ష్మి పక్కనే నడిచింది. చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచింది. మొదటిసారి దీనమ్మ వాడి నుదుటి మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేస్తోంది. రెండోసారి వాడే, "అమ్మా, బయటికొచ్చాక సమోసా తిననిస్తారేమో అడుగు" అన్నాడు. తలుపు మూసుకుపోయింది.

'ఏమీ కాదులే. పదిహేనేళ్లయింది. తగ్గిపోయిందిగా. వాడు బస్తాలు మోస్తున్నాడు' అని ఆవిడ తనకు తనే చెప్పుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఒక విషయంలో ఏమీ కాదని అనుకోవడం అదే మొదలు.

అరగంట కాకముందే తలుపు తెరుచుకుని ఒక నర్సు పరిగెత్తినట్టే బయటకు వచ్చింది. ఎవరికో ఫోన్ చేసి ఏదో మెషీన్ తెమ్మంది. తెరిచిన తలుపు సందులోంచి చిన్నారావు గొంతు వినిపించింది. కేక కాదు. రెండేసి మాటలకు ఆగిపోతూ, "సాఁస్... ఊపిరి... రావట్లేదు... మేడమ్" అంటున్నాడు.

దీనమ్మ లేచి నిలబడింది. సాయిలక్ష్మి లేవలేకపోయింది.

డాక్టరు రాజశ్రీయే బయటకు వచ్చింది. ముఖానికున్న మాస్కు కిందికి లాగి, సూటిగా సాయిలక్ష్మి ముందు వంగింది.

"మాతాజీ, సూది వేశాం. ఇంకా మత్తు ఇవ్వలేదు, మెలకువలోనే ఉన్నాడు. ఆక్సిజన్ ఎనభై ఎనిమిదికి దిగింది. స్కాన్ పెట్టి చూశాను. కుడివైపు గొడుగు నిద్రపోయింది, అది అనుకున్నదే. ఎడమవైపుది ఎందుకు కదలడం లేదు?"

దీనమ్మ తెలుగులో చెప్పబోయింది. సాయిలక్ష్మి ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. పాతికేళ్లుగా డాక్టర్ల ముందు పెగలని హిందీ అప్పుడు పెగిలింది.

"టీబీ థా. ఆఠ్ సాల్ కా థా. ఎడమ... బాయాఁ తరఫ్. పానీ నికాలా థా." చేత్తో తన ఎడమ పక్కటెముకల మీద కొట్టుకుంది. "ఇధర్. ఇధర్ సే నికాలా."

హాల్లో బెంచీల మీద కూర్చున్నవాళ్లంతా చూశారు. డాక్టరు ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. కోప్పడలేదు. "నిన్న చెప్పి ఉంటే..." అని, ఆ మాట పూర్తిచెయ్యకుండానే లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత రెండు గంటలు సాయిలక్ష్మి నేల మీది టైల్సు చూస్తూ కూర్చుంది. మధ్యలో ఒకసారి నర్సు వచ్చి, పైకి లేపి కూర్చోబెట్టామనీ, ముక్కూ నోరూ కప్పే మాస్కు పెట్టి మెషీన్‌తో గాలి లోపలికి తోస్తున్నామనీ, ఆక్సిజన్ తొంభైనాలుగుకు వచ్చిందనీ చెప్పింది. ఆపరేషన్ ఆపేశారు. మందు ప్రభావం దిగేదాకా అలా ఉంచాలి, దిగితే ఊపిరి దానంతటదే సర్దుకుంటుంది.

నర్సు వెళ్లాక చాలాసేపటికి దీనమ్మ అంది, "కామెర్లన్నావు."

సాయిలక్ష్మి తల ఎత్తలేదు.

"పిండి కొనరని దాచావా?"

"అక్కా..."

"నేను టీబీ వార్డులో తొమ్మిదేళ్లు చేశానే. వాళ్ల మంచాల పక్కన కూర్చుని అన్నం తిన్నాను. నేనా నీ పిండి మానేసేది? నన్నంత తక్కువ మనిషనుకున్నావా?" ఆవిడ గొంతు పెద్దది కాలేదు. పెద్దదైనా బావుండేదని సాయిలక్ష్మికి అనిపించింది. "పోనీ, నాకు చెప్పకపోతే పోయావు. ఆ డాక్టరు మళ్లీ వినబోతుంటే నవ్వి ఆపింది ఎవరు? నేనూ నర్సునే అని హామీ ఇచ్చింది ఎవరు? నువ్వు దాచుకున్నదాన్ని నా నోటితో కప్పించావు."

సాయిలక్ష్మి ఆవిడ కాళ్లు పట్టుకోబోయింది. దీనమ్మ కాళ్లు వెనక్కి తీసుకుంది. "లే. చూస్తున్నారు." అంతే. అయినా లేచి వెళ్లిపోలేదు. పక్క బెంచీ మీదికి మాత్రం మారింది.

సాయంత్రం నాలుగు దాటాక లోపలికి రానిచ్చారు. చిన్నారావు దిండ్లకు ఆనుకుని నిటారుగా కూర్చుని ఉన్నాడు. మాస్కు తీసేసి ముక్కులో సన్నటి గొట్టం పెట్టారు. కుడి చెయ్యి వాడిది కానట్టు ఒళ్లో పడి ఉంది. పెదాలకు రంగొచ్చింది. తల్లిని చూసి, ఊపిరి కూడదీసుకుని, మెల్లగా అడిగాడు.

"వీపులో సూది గుచ్చారు అమ్మమ్మ ఊళ్లో. నాకు గుర్తుంది. అది జాండిస్‌కి కాదా?"

"కాదురా."

"డాక్టర్ మేడమ్ చెప్పింది. నీ నోటితో వినాలని అడిగాను."

ఆవిడ మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది.

"బస్తా ఎత్తితే నాకు ఆయాసం వచ్చేది" అన్నాడు వాడు. "అందరూ పది ఎత్తితే నేను ఆరుకే కూర్చునేవాణ్ని. 'ఆంధ్రావాలా కమ్‌జోర్ హై' అని ఓనర్ ఎగతాళి చేసేవాడు. నేనూ అదే అనుకున్నాను, నాకే దమ్ము లేదని. సిగ్గేసి ఇంకా ఎక్కువ ఎత్తేవాణ్ని. భుజం అలాగే పోయింది." ఊపిరి అందుకున్నాడు. "నాకైనా చెప్పొచ్చు కదా అమ్మా. నేను ఎవరికి చెప్తాను?"

వాడికి మందులు మింగించాను, దిష్టి తీశాను, వాడు తుమ్మితే నిద్రపోలేదు అని చెప్పుకోవడానికి చాలా ఉంది. అదంతా వాడి కోసమే అని ఇన్నాళ్లూ అనుకుంది. ఇప్పుడు లెక్క చూసుకుంటే సగానికి సగం తన పరువు కోసమేనని తెలిసింది. కన్నకొడుకు ముందు నిలబడి అది తెలుసుకోవాల్సి వచ్చింది.

డాక్టరు రాజశ్రీ ఫైలు పట్టుకుని వచ్చింది. దీనమ్మ కూడా వెనకే లోపలికి వచ్చి కిటికీ దగ్గర నిలబడింది.

"ఊపిరి బావుంది. రాత్రికి చెయ్యి కూడా కదులుతుంది" అంది డాక్టరు. "ముందు ఊపిరితిత్తుల డాక్టరు చూడాలి. ఎక్స్‌రే, ఊదే పరీక్ష చేయించాలి. ఆపరేషన్ తర్వాత చేద్దాం, వెనకనుంచి రెండు సూదుల పద్ధతిలో. మెడ ముట్టుకోం. నొప్పికి వేరే మందులు సర్దుతాను." పెన్ను తీసింది. "టీబీ మందులు ఆరు నెలలూ పూర్తిగా వాడారు కదా?"

"పూర్తిగానే వాడి ఉంటాం మేడమ్" అన్నాడు చిన్నారావు. "అమ్మ ఒక్క పూట మందు కూడా మర్చిపోనివ్వదు."

డాక్టరు తలూపి రాయడం మొదలుపెట్టింది.

సాయిలక్ష్మి ఊరుకుంటే అది అలా కాగితం మీదికి ఎక్కిపోయేది. వాడు నమ్ముతున్నాడు. ఈ లోకంలో వాడు ఆవిడ గురించి ఇంకా నమ్ముతున్నది బహుశా అదొక్కటే.

"నహీఁ" అంది ఆవిడ.

పెన్ను ఆగింది.

"నాలుగు నెలలే. చార్ మహీనా." నాలుగు వేళ్లు చూపించింది. "కామెర్లకి అన్నాళ్లేటని కాలనీలో అడగడం మొదలెట్టారు. బడి తెరిసీస్తారని తెచ్చేసినాను. మిగతా మందు రాయ్‌పూర్లో తీసుకుంటామని టెక్కలి ఆస్పత్రిలో కాయితం రాయించుకున్నాను. ఇక్కడ ఆ కాయితం ఏ ఆస్పత్రిలోనూ ఇవ్వలేదు. ఇస్తే ఇంటికొచ్చి మందు మింగిస్తారట, వీధిలో తెలిసిపోద్దని. వాడి నాన్న అడిగితే... ఇచ్చేసినానని సెప్పినాను."

దీనమ్మ కిటికీ దగ్గరనుంచి ఆ మాటలన్నీ హిందీలోకి మార్చి చెప్పింది, ఆఖరి దాంతో సహా. డాక్టరు రాసింది కొట్టేసి కొత్తగా రాసుకుంది. ఇంకా కొన్ని అడిగింది. బరువు తగ్గాడా, సాయంత్రాలు జ్వరం వస్తుందా, దగ్గులో ఎప్పుడైనా రక్తం పడిందా. సాయిలక్ష్మి ఒక్కోదానికీ ఆలోచించి, తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదని చెప్పింది. కళ్లె పరీక్ష కూడా ముందే చేయిస్తానని చెప్పి డాక్టరు వెళ్లిపోయింది.

చిన్నారావు పని చేస్తున్న ఎడమచేత్తో ముక్కులోని గొట్టం సర్దుకున్నాడు. వాడి ముఖంలో కోపం లేదు. అది ఉంటే ఆవిడకు ఎలా ఓదార్చాలో తెలిసేది.

"ఇంకేమైనా ఉందా అమ్మా?"

ఆవిడ నిజంగానే వెతుక్కుంది. పుట్టినప్పటి నుంచి, వరసగా, ప్రతి సంవత్సరం.

"లేదురా" అంది.

వాడు చాలాసేపు ఆవిడ ముఖంలోకి చూశాడు. నమ్మాలా వద్దా అని తేల్చుకోలేక, కాసేపటికి కళ్లు మూసుకున్నాడు. సాయిలక్ష్మి వాడి ఛాతీ లేస్తున్న తీరు చూస్తూ, కుర్చీ లాక్కోవడానికి కూడా మొహం చెల్లక, అలాగే నిలబడింది.